గుంత ఎవరిది, గల్లాపెట్టె ఎవరిది?

ఉత్తర వర్జీనియాలో కౌంటీ ఎన్నికలప్పుడు అభ్యర్థుల సభకు ఒక్కసారి వెళ్లినా ఈ దృశ్యం తప్పదు. హైస్కూలు కెఫెటేరియాలోనో లైబ్రరీ హాల్లోనో మడత కుర్చీలు వేసి ఉంటాయి. జవాబుకు తలా రెండు నిమిషాలు. వెనక వరసలోంచి ఎవరో ఒక పెద్దాయన లేచి, మా వీధి మలుపులో గుంత ఎప్పుడు పూడుస్తారని అడుగుతాడు. గెలిచిన నెలలోనే అని ఒకరు, రోడ్లకు నిధులు పెంచుతామని ఇంకొకరు. చప్పట్లు. మూడో అభ్యర్థి మాత్రం, ఆ రోడ్డు కౌంటీది కాదండీ, రాష్ట్రానిది అంటాడు. హాలంతా చల్లబడిపోతుంది.

నిజం చెప్పింది ఆ మూడో మనిషే. మహా మాంద్యం రోజుల్లో కౌంటీల మీద భారం తగ్గించడానికి 1932లో వచ్చిన బర్డ్ రోడ్డు చట్టంతో వర్జీనియా కౌంటీల రోడ్లు రాష్ట్ర ప్రభుత్వం చేతికి వెళ్లాయి. ఇప్పుడు ఆర్లింగ్టన్, హెన్రైకో అనే రెండు కౌంటీలు మాత్రమే తమ రోడ్లను తమ దగ్గర ఉంచుకున్నాయి. మిగతా చోట్ల సూపర్‌వైజర్, అంటే కౌంటీ బోర్డు సభ్యుడు, చేయగలిగింది రాష్ట్ర రవాణా శాఖకు గట్టిగా చెప్పడం, కొత్త రోడ్ల జాబితాలో ఏది ముందుండాలో సూచించడం, కావాలనుకుంటే కౌంటీ డబ్బు కూడా కలపడం. తొంభై ఏళ్లు దాటినా ఈ సంగతి ఓటర్లకు చేరలేదు. అభ్యర్థులకూ చేరలేదని అనుకోలేను. చేరినా చెప్పరు. చెబితే చప్పట్లు రావు.

కౌంటీ ఎన్నికల మీద నన్ను ఎప్పుడూ తొలిచే ప్రశ్న ఇదే. వేదిక మీద ఇచ్చే మాటకూ ఆ కుర్చీకున్న అధికారానికీ మధ్య ఎంత దూరం ఉంది? పన్నులు, బళ్లు, సేవలు అని మూడు ముక్కల్లో తేలిపోయే చర్చలో ఏది ఎవరి చేతిలో ఉందో తెలియకపోతే, పోటీ అభ్యర్థుల మధ్య కాక అబద్ధాల మధ్య జరుగుతుంది.

కౌంటీ అంటే మనకు వెంటనే జిల్లా గుర్తొస్తుంది. ఆ పోలిక సగం దూరమే వస్తుంది. జిల్లాకు కలెక్టర్ పైనుంచి వస్తాడు. కౌంటీని నడిపేవాళ్లలో చాలామంది కింద నుంచి ఓట్లతో వస్తారు. అమెరికాలో మూడు వేలకు పైగా కౌంటీలున్నాయి, ఏ రెండూ ఒకేలా ఉండవు. లాస్ ఏంజలెస్ కౌంటీలో కోటి మంది దాకా ఉంటే, టెక్సస్‌లోని లవింగ్ కౌంటీలో 2020 జనాభా లెక్కల్లో తేలింది 64 మంది. లూసియానాలో వాటి పేరు పారిష్, అలాస్కాలో బరో. కనెక్టికట్ అయితే 1960లో కౌంటీ ప్రభుత్వాలనే ఎత్తేసింది. టెక్సస్‌లో కౌంటీ జడ్జి అంటే కోర్టు తీర్పులు చెప్పే మనిషి అని అనుకుంటాం, నిజానికి ఆయన ముఖ్యమైన పని నలుగురు కమిషనర్లతో కూర్చుని బడ్జెట్ పాస్ చేయడం. షెరీఫ్, క్లర్క్, పన్ను మదింపు అధికారి, కొన్ని రాష్ట్రాల్లో శవ పంచనామా చేసే కరోనర్ కూడా ఓట్లతోనే గెలవాలి. శవ పంచనామాకు ప్రచారం ఎలా చేస్తారో నాకిప్పటికీ అర్థం కాదు.

అందుకే దేశమంతటికీ సరిపోయే జవాబు ఉండదు. నేను కొంత దగ్గరగా చూసిన లౌడన్ కౌంటీని పట్టుకుని, అవసరమైన చోట బయటికి వెళతాను. వాషింగ్టన్ నగరానికి పడమరగా ఉన్న ఈ కౌంటీ 2020 లెక్కల్లో 4 లక్షల 20 వేల జనాభా దాటింది. ఆష్‌బర్న్, బ్రాంబుల్టన్, సౌత్ రైడింగ్ పేర్లు హైదరాబాద్, గుంటూరు, కరీంనగర్ ఇళ్లలో ఫోన్లలో రోజూ వినిపించేవే. సూపర్‌వైజర్ల బోర్డులో తొమ్మిది మంది. ఎనిమిది వార్డుల నుంచి ఎనిమిది మంది, కౌంటీ అంతా కలిసి ఎన్నుకునే ఛైర్ ఒకరు. ఎన్నిక నాలుగేళ్లకోసారి, అదీ బేసి సంవత్సరంలో. కిందటిది 2023లో జరిగింది. స్కూలు బోర్డు వేరు, దాని సభ్యులకు వేరే ఓటు.

ఇక్కడే అసలు మెలిక. వర్జీనియాలో స్కూలు బోర్డుకు పన్ను వేసే అధికారం లేదు. ఖర్చు దానిది, డబ్బు సూపర్‌వైజర్లది. చేతిలో గరిటె ఒకరికుంటే గాదె తాళం మరొకరి మొలలో ఉంటుంది. సూపర్‌వైజర్లు బళ్లకిచ్చే సొమ్మును ఒకే మొత్తంగా ఇవ్వొచ్చు, లేదా బోధన, రవాణా లాంటి పెద్ద పద్దులుగా విడగొట్టి ఇవ్వొచ్చు. ఆ తర్వాత ఏ బడికి ఎంతమంది టీచర్లు, ఎవరికి ఎంత జీతం అన్నది వాళ్ల చేతిలో ఉండదు. కాబట్టి 'టీచర్ల జీతం పది శాతం పెంచుతాను' అనే సూపర్‌వైజర్ అభ్యర్థి తన చేతిలో లేని గరిటెతో వడ్డిస్తానంటున్నాడు. 'మీ ఇంటి పన్ను తగ్గిస్తాను' అనే స్కూలు బోర్డు అభ్యర్థి తన దగ్గర లేని తాళంచెవిని ఊపుతున్నాడు. ఇద్దరూ ఒకే సాయంత్రం ఒకే వేదిక మీద ఈ మాటలు అనగలరు, హాల్లో ఎవరూ లేచి అడగరు. వర్జీనియాలో స్కూలు బోర్డుల్ని ఓట్లతో ఎన్నుకోవడానికి చట్టం అనుమతించిందే 1992లో. అంతకుముందు నియామకాలే. ఎన్నిక వచ్చింది, ఖజానా మాత్రం రాలేదు.

వేరే రాష్ట్రాలకు వెళితే బొమ్మ తిరగబడుతుంది. టెక్సస్‌లో బళ్లు స్వతంత్ర స్కూలు జిల్లాల కింద ఉంటాయి, వాటి పన్ను వాటిదే. ఫ్రిస్కోలో ఇల్లు కొన్న మనవాళ్లకు పన్ను బిల్లులో కౌంటీ వరస చిన్నది, స్కూలు వరస పెద్దది. అక్కడ కౌంటీ కమిషనర్ అభ్యర్థి బళ్ల గురించి మాట్లాడితే అది మర్యాదకే. జైలు, కోర్టులు, ఊరి బయటి రోడ్లు ఆయన పని. ఇళ్లు ఎక్కడ కట్టాలో, ఫ్యాక్టరీ ఎక్కడుండాలో చెప్పే జోనింగ్ అధికారం కూడా టెక్సస్ కౌంటీలకు మామూలుగా ఉండదు. న్యూజెర్సీలో ఆస్తిపన్నులో సగానికి పైగా బళ్లకు పోతుంది. అయినా కౌంటీ కమిషనర్ల చేతిలో మామూలు బళ్లు ఉండవు, వృత్తివిద్యా బళ్లు, కౌంటీ కాలేజీ మాత్రమే ఉంటాయి. ఆ కమిషనర్లను 2020 దాకా ఫ్రీహోల్డర్లు అనేవారు. భూమి సొంతంగా ఉన్నవాడు అనే వలసరాజ్య కాలపు పేరది. మూడు వందల ఏళ్ల నాటి ఆ మాట 2021 జనవరితో పోయింది.

మేరీలాండ్ ఇంకో రకం. కౌంటీ ఒక్కో విద్యార్థికి కిందటేడు ఇచ్చినదానికి తక్కువ ఇవ్వకూడదని రాష్ట్ర చట్టం ఉంది. మంచి సంవత్సరంలో ఉదారంగా పెంచితే ఆ పెంపు శాశ్వతంగా మెడకు చుట్టుకుంటుంది. అందుకే మాంట్‌గొమరీ కౌంటీలో కౌన్సిల్ అభ్యర్థి బళ్లకు మరింత అన్నప్పుడు ఆ మాటకున్న బరువు, లౌడన్‌లో అదే మాటకున్న బరువు ఒకటి కావు.

ఇక పన్ను. ఇక్కడ మాటల గారడీ ఎక్కువ, లెక్క మాత్రం నాలుగో తరగతి పిల్లలదే. లౌడన్‌లో 2020లో ఇళ్ల మీద పన్ను రేటు ప్రతి 100 డాలర్ల విలువకు 1.035 డాలర్లు. 2025లో 0.805 డాలర్లు. ఏ సూపర్‌వైజర్ అయినా వేదిక మీద ఈ రెండంకెలు చెప్పి, చూశారా తగ్గించాం అనొచ్చు. అబద్ధం కాదు. కానీ 2020లో 5,50,000 డాలర్లకు మదింపైన ఇల్లు 2025లో 7,50,000 అయిందనుకోండి. మొదటి బిల్లు సుమారు 5,690 డాలర్లు, రెండోది 6,040. రేటు తగ్గింది, బిల్లు పెరిగింది. ఆ పెరుగుదల రేటు పెంచి చేసింది కాదు, బజారు ధర చేసింది. ప్రత్యర్థి బిల్లు చూపించి పన్ను పెంచారంటాడు, అదీ నిజమే. రేటు ఒకరు చెబుతారు, బిల్లు ఇంకొకరు చెబుతారు. రెండూ కలిపి చెప్పే అభ్యర్థి దొరికితే నేను పార్టీ చూడను.

ఈ రేటు ఇంతగా తగ్గడానికి ఇళ్ల ధరలు పెరగడంతో పాటు ఇంకో పెద్ద కారణం పొదుపు కాదు, సర్వర్లు. ఆష్‌బర్న్ చుట్టుపక్కల డేటా సెంటర్లు ప్రపంచంలో మరెక్కడా లేనంత దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఇళ్లకు వందకు 80 సెంట్ల చిల్లర పన్నైతే, లోపలున్న కంప్యూటర్ పరికరాలకు వందకు 4 డాలర్లకు పైనే. వర్జీనియా శాసనసభ తరఫున పనిచేసే పరిశీలన సంఘం 2024 చివర్లో ఇచ్చిన నివేదికలో, డేటా సెంటర్లు బాగా నిలదొక్కుకున్న ప్రాంతాల్లో స్థానిక ఆదాయంలో వాటి వాటా గరిష్ఠంగా 31 శాతం దాకా ఉందని తేల్చింది. ఆ గరిష్ఠం లౌడన్‌ది. స్థానిక పన్నుల సొమ్ములో దాదాపు మూడింట రెండు వంతులు బళ్లకు పోయే కౌంటీలో దీని అర్థం ఊహించండి. సర్వర్లు మంచి పొరుగువాళ్లు. పన్ను కడతాయి, పిల్లల్ని బడికి పంపవు, బస్సు అడగవు.

అయితే వాటి చప్పుడుకు నిద్రపోనివాళ్లున్నారు, ఇళ్ల మధ్యనుంచి హైటెన్షన్ తీగలు వద్దని పోరాడేవాళ్లున్నారు. 2025 మార్చిలో బోర్డు, ఇకపై కొత్త డేటా సెంటర్ కట్టాలంటే ప్రతిదీ తమ ముందుకు అనుమతికి రావాలని నిర్ణయించింది. వేదికల మీద ఈ గొడవే మోగుతుంది. నాకు అంతకంటే భయం పుట్టించేది వేరే ఉంది. భవనం విలువ ఏటా పెరుగుతుంది, సర్వర్ విలువ ఏటా తరుగుతుంది. పన్ను లెక్కలో దాని విలువను సంవత్సరానికి కొంత చొప్పున తగ్గిస్తారు. అంటే ఈ ఆదాయం నిలవాలంటే కంపెనీలు పాత పెట్టెలు తీసేసి కొత్తవి పెడుతూనే ఉండాలి. వాళ్లు ఒక్క ఏడాది ఆగితే? టీచరు జీతం ఆగదు. ఈ ప్రశ్న అడిగితే అభ్యర్థుల్లో సగంమంది 'వైవిధ్యం తెస్తాం' అంటారు. అది జవాబు కాదు, తప్పించుకోవడం. ఎంత ఆదాయాన్ని ఏటా వచ్చే ఖర్చులకు వాడకుండా కట్టడాలకో నిల్వకో మళ్లిస్తారో ఒక అంకె చెబితే అది జవాబు.

ఒక్కసారి వచ్చే డబ్బుతో ఏటా ఇచ్చే జీతాలు పెట్టడం కౌంటీల పాత జబ్బు. కోవిడ్ తర్వాత అది అందరికీ తెలిసొచ్చింది. 2021లో కేంద్రం కౌంటీలకు నేరుగా 6,510 కోట్ల డాలర్లు ఇచ్చింది. బళ్లకు మూడు విడతల్లో దాదాపు 19,000 కోట్ల డాలర్లు వెళ్లాయి. బళ్ల సొమ్ముకు ఆఖరి గడువు 2024 సెప్టెంబరు. ఆ డబ్బుతో పిల్లలకు కౌన్సెలర్లను, చదువులో వెనకబడినవాళ్లకు ట్యూటర్లను పెట్టుకున్న బళ్లు చాలా ఉన్నాయి. గడువు అయిపోయాక ఉన్న మనుషుల్ని తీసేయాలా, స్థానిక పన్ను పెంచాలా? ఆ తర్వాతి ఎన్నికల్లో ఈ ప్రశ్న చాలా సభల్లో రావాల్సినంతగా రాలేదు. అవ్వా కావాలి, బువ్వా కావాలి అనే సభలో అవ్వ ఖర్చు ఎవరూ అడగరు.

బళ్ల ఖర్చులో రాష్ట్రం వాటా సంగతీ ఇంతే. వర్జీనియా ఒక సూత్రంతో ప్రతి కౌంటీ ఎంత భరించగలదో లెక్కగట్టి, ధనిక కౌంటీకి తక్కువ ఇస్తుంది. లౌడన్, దాని పక్కనున్న ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీల అభ్యర్థులు దీన్ని అన్యాయమంటారు. నైరుతి వర్జీనియాలో బొగ్గు గనులు మూతపడిన కౌంటీల అభ్యర్థులకు అదే ప్రాణం. ఒకే సూత్రాన్ని ఒకరు తిడుతూ, ఇంకొకరు పొగుడుతూ ఓట్లు అడుగుతారు. మొత్తం కుండే చిన్నదన్న మాట మాత్రం 2023లో అదే పరిశీలన సంఘం చెప్పింది. వర్జీనియా బళ్లకు ఒక్కో విద్యార్థికి వచ్చే సొమ్ము దేశ సగటు కంటే 14 శాతం తక్కువట. కేంద్రం వాటా మామూలు సంవత్సరాల్లో బడి ఖర్చులో పదో వంతు లోపే కాబట్టి, అధ్యక్షుడెవరన్న గొడవ కంటే ఈ సూత్రం గొడవ పిల్లలకు దగ్గరిది.

డబ్బు పెడితే చదువు వస్తుందా? దీని మీద అర్ధ శతాబ్దానికి పైగా వాదన నడుస్తోంది. 1966లో జేమ్స్ కోల్‌మన్ నివేదిక, బడి వనరుల కంటే ఇంటి పరిస్థితులే పిల్లల ఫలితాలను ఎక్కువగా నిర్ణయిస్తున్నాయని చెప్పింది. తర్వాత ఎరిక్ హనుషెక్ అనే ఆర్థికవేత్త, ఖర్చుకూ ఫలితానికీ స్థిరమైన సంబంధం కనబడదని వాదిస్తూ వచ్చాడు. పన్ను తగ్గించాలనే అభ్యర్థులు తెలిసో తెలియకో ఆయన గొంతుతోనే మాట్లాడతారు. 2016లో కిరాబో జాక్సన్, రకర్ జాన్సన్, క్లాడియా పర్సికో అనే ముగ్గురు పరిశోధకులు వేరే దారి పట్టారు. కోర్టు ఆదేశాల వల్ల ఖర్చు మారిన బళ్లలో చదివిన పిల్లల్ని పెద్దయ్యేదాకా వెంబడించారు. పన్నెండేళ్లపాటు తలకు పది శాతం ఎక్కువ ఖర్చు పెడితే, పేద కుటుంబాల పిల్లలు దాదాపు అర్ధ సంవత్సరం ఎక్కువ చదివారు, పెద్దయ్యాక జీతం పది శాతానికి దగ్గరగా పెరిగింది. నాకు ఈ రెండో వాదమే బలంగా కనిపిస్తుంది. కానీ అందులో ఒక చిన్న అక్షరాల సంగతుంది. లాభం ఎక్కువగా పేద పిల్లలకే దక్కింది. లౌడన్ లాంటి సంపన్న కౌంటీలో డబ్బెంత అన్నది సగం ప్రశ్నే. ఏ బడికి అన్నది మిగతా సగం. పేద పిల్లలు ఎక్కువగా ఉండే స్టెర్లింగ్‌లోని బడికా, బ్రాంబుల్టన్ బడికా అని వేదిక మీద ఎవరూ పేర్లు పెట్టి చెప్పరు.

టెక్సస్‌లో ఈ పేర్లు కోర్టుల దాకా వెళ్లాయి. శాన్ ఆంటోనియోలోని పేద ఎడ్జ్‌వుడ్ స్కూలు జిల్లా తల్లిదండ్రులు వేసిన కేసులో, స్థానిక ఆస్తిపన్ను వల్ల వచ్చే తేడా రాజ్యాంగ విరుద్ధం కాదని 1973లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో చెప్పింది. కానీ 1989లో టెక్సస్ రాష్ట్ర సుప్రీంకోర్టు రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం అది చెల్లదంది. చివరికి 1993లో ధనిక జిల్లాల నుంచి కొంత తీసి పేద జిల్లాలకు పంచే పద్ధతి వచ్చింది. జనం దానికి రాబిన్‌హుడ్ అని పేరు పెట్టారు.

మరి ఓటరు ఏం చేస్తాడు? 1956లో చార్ల్స్ టీబో అనే ఆర్థికవేత్త ఒక ఊహ చేశాడు. నచ్చని పన్ను, నచ్చని బడి ఉంటే మనుషులు కాళ్లతో ఓటు వేస్తారు, అంటే ఊరు మారతారు. మనవాళ్ల కంటే దీనికి మంచి సాక్ష్యం లేదు. ఇల్లు చూడకముందే బడి రేటింగ్ చూస్తాం. తర్వాత 2001లో విలియం ఫిషెల్ అనే ఇంకో ఆర్థికవేత్త మరో ముక్క కలిపాడు. సొంతిల్లు ఉన్నవాడు తన ఇంటి విలువను కాపాడేలా ఓటేస్తాడు, కాబట్టి పిల్లలు లేనివాడు కూడా మంచి బడికి పన్ను కడతాడని. నిజమే, కానీ అదే మనిషి పక్కన అపార్ట్‌మెంట్లు వద్దంటాడు, టీచర్లు ఉండగలిగే చిన్న ఇళ్లు వద్దంటాడు. తర్వాత టీచర్లు దొరకడం లేదని సభలో ప్రశ్న వేస్తాడు.

అసలు ఓటేసేవాళ్లే తక్కువ. బేసి సంవత్సరాల్లో ఎన్నికలు పెడితే వచ్చేది తక్కువమంది, వచ్చినవాళ్లలో సంఘటితమైన వర్గాల బలం ఎక్కువవుతుందని రాజకీయ శాస్త్ర పరిశోధకురాలు సారా ఆంజియా 2014లో తన పుస్తకంలో చూపించింది. ఎన్నికల తేదీ కూడా ఒక బడ్జెట్ పద్దే అన్నమాట. సంఖ్య చిన్నదైతే ఏమవుతుందో మాంట్‌గొమరీ కౌంటీ చూపించింది. పది లక్షలకు పైగా జనాభా ఉన్న ఆ కౌంటీకి ఎగ్జిక్యూటివ్ ఎవరో తేల్చిన 2022 డెమొక్రటిక్ ప్రైమరీలో, రీకౌంటింగ్ తర్వాత మార్క్ ఎల్రిచ్ గెలిచింది 32 ఓట్లతో. 2018లో కూడా ఆయన 77 ఓట్లతోనే ఒడ్డున పడ్డాడు.

సేవల సంగతి వేదికల మీద ఎప్పుడూ చివరి పది నిమిషాలకు మిగులుతుంది. అంబులెన్స్ ఎంతసేపట్లో వస్తుంది, జైల్లో మానసిక రోగులు ఎందుకున్నారు, లైబ్రరీ ఆదివారం తెరుస్తారా లాంటివి. నిజానికి కౌంటీ చేతిలో ఎక్కువగా ఉన్నవి ఇవే. వీటిని పక్కకు నెట్టడానికి ఒక్క గొడవ చాలు. 2021 జూన్‌లో లౌడన్ స్కూలు బోర్డు సమావేశం రభసగా మారి పోలీసులు హాలు ఖాళీ చేయించారు. దేశమంతా టీవీలో చూసింది. ఆ తర్వాత కొన్ని నెలలపాటు ఆ కౌంటీలో బడ్జెట్ అనే మాట వినిపించాలంటే చెవులు రిక్కించాల్సి వచ్చింది. ఫెయిర్‌ఫ్యాక్స్‌లో ఇంకో పాఠం ఉంది. హోటల్ భోజనం మీద పన్నును 2016లో ఓటర్లు తిరస్కరించారు. 2020లో రాష్ట్రం ఓటింగ్ అవసరం లేకుండా కౌంటీలకు ఆ అధికారం ఇచ్చింది. 2025లో బోర్డు 4 శాతం పన్ను వేసింది, 2026 జనవరి నుంచి అమలు. ఓటరు వద్దన్నది తొమ్మిదేళ్లకు రాష్ట్రం తలుపు గుండా లోపలికొచ్చింది. దాన్ని ఇంటి పన్ను మీద భారం తగ్గించే మంచి దారి అని నేనంటాను. అడగకుండా వేశారని కోపగించుకునేవాళ్లను తప్పు పట్టను.

పేరు ఒకరిది, పెత్తనం ఇంకొకరిది అన్న ఈ వింత మనకు కొత్తేమీ కాదు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఊరి హైస్కూలు గేటు మీద జిల్లా పరిషత్ అని రాసి ఉంటుంది. ఆ బడి టీచరు జీతం రాష్ట్ర ఖజానాది, బదిలీ రాష్ట్రానిది, జడ్పీ ఛైర్మన్ ఒక్క మాస్టారిని వేయలేడు. 73వ రాజ్యాంగ సవరణ 29 అంశాల పట్టిక ఇచ్చింది, పట్టికతో పాటు డబ్బు వచ్చిందా అని ఏ సర్పంచ్‌నైనా అడగండి. తేడా ఒకటే. అక్కడ జడ్పీటీసీ అభ్యర్థిని ఎవరూ పన్ను రేటు అడగరు, ఎందుకంటే వేసే పన్నే లేదు. ఇక్కడ అడగడానికి అంకె ఉంది.

అడిగేవాళ్లలో మనవాళ్లు పెరుగుతున్నారు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ మాంట్‌గొమరీ కౌంటీ రవాణా విభాగంలో ఇంజినీరుగా పనిచేసి, శాసనసభకు వెళ్లి, 2023లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. రోడ్డు గుంత ఎవరిదో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఆష్‌బర్న్‌లో, ఫ్రిస్కోలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఇల్లు కొని పదేళ్లుగా పన్ను కడుతూ గ్రీన్‌కార్డు వరసలో నిలబడ్డ కుటుంబాలు వేలకు వేలు. వాళ్ల పన్నుతో బడి నడుస్తుంది, వాళ్ల పిల్లలు ఆ బడిలో చదువుతారు, వాళ్లకు ఓటు లేదు. మాంట్‌గొమరీ కౌంటీలోని టకోమా పార్క్ అనే చిన్న ఊరు మాత్రం మూడు దశాబ్దాలుగా పౌరసత్వం లేనివాళ్లనూ ఊరి ఎన్నికల్లో ఓటేయనిస్తోంది.

మిగతా చోట్ల సభకు వెళ్లడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. 1920లో పుట్టిన మహిళా ఓటర్ల లీగ్ నడిపే సభల్లో ప్రశ్నలు చాలాసార్లు చీటీల మీద రాయించుకుంటారు. చీటీ మీద పౌరసత్వం అడిగే గడి ఉండదు. నేను మళ్లీ వెళితే రాయబోయే చీటీ సిద్ధంగానే ఉంది. సర్వర్ల పన్ను ఒక ఏడాది ఐదో వంతు పడిపోతే, మొదట ఏ పద్దు కోస్తారు, అది కోసే అధికారం మీకుందా?